బుడగలు

నీలాంకరై షెడ్డులో, ఉప్పు పట్టిన బల్ల మీద
రీబ్రీదర్‌ని విప్పి పెట్టాడు ఆరోగ్యసామి:
సున్నపు గుళికల డబ్బా, మూడు సెన్సార్లు,
వదిలిన ఊపిరినే కడిగి తిరిగిచ్చే గొట్టాలు.

"ఎన్ని డైవులయ్యాక దీనికి మారొచ్చు?"
లెక్క చెప్పలేదు.
వచ్చీరాని తెలుగులో
"పోయినసారి ఎందుకు పైకొచ్చేశావ్?" అన్నాడు.

నలభై మీటర్ల దగ్గర
మునిగిన బార్జి ఇంకా కిందికే పోతోంది.
నాకేమో ఊరికే నవ్వొచ్చింది.
గేజి చూశాను. అంకె ఉంది, అర్థం లేదు.
తిరిగాను.
ఏడాదిగా దాన్ని పిరికితనమనే అనుకుంటున్నాను.

డబ్బా మూత బిగించాడు.
"హీలియం కలిస్తే ఆ నవ్వు రాదు.
అప్పుడు ఏం చూసి తిరుగుతావ్?"

ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను,
తేదీ రాయకుండా.

ఆదివారం పాత సిలిండర్‌తోనే దిగాను.
పైన పడవలో కుర్రాడు
బఠాణీలు నములుతూ
నా బుడగలు చూస్తున్నాడు.