జనవరిలో వరద

పొద్దున ఎనిమిదింటికి మెట్లు దిగి
తెల్ల పలక మీద నల్ల అంకెల పక్కన
ప్రాణహిత ఎక్కడిదాకా ఉందో చూసి రాస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే కొలువు,
నది ఎంతుందో చెప్పడం.
ఎట్లుందని పైఆఫీసు ఎన్నడూ అడగలేదు.

రిజిస్టరు చివరి పేజీల్లో మాత్రం
ఇంకో నది ఉంది.
దాని పేరు సెవర్న్.
వైశాలి జిరాక్సు దుకాణంలో, కరెంటున్న అరగంటలో
మొదటిసారి చూశాను దాని ఒడ్డున పాత ఊరు.
పెద్ద చర్చి కింద రాతి ద్వారం,
గోడ నిండా గీతలు,
ప్రతి గీత పక్కన ఒక సంవత్సరం.
ఎవడో నాలాంటివాడే
ఉలి పట్టి నీళ్లకు హాజరు వేశాడు.

మా ఇంట్లోనూ ఉందొక గీత.
ఎనభై ఆరులో నాయిన బొగ్గుతో గీసింది,
తలుపు గడియకు జానెడు పైన.
సున్నం వేసిన ప్రతిసారీ అమ్మ
దాని చుట్టూ తిప్పి వేసేది కుంచె.

సరే, లెక్క.
సిరొంచ నుంచి వంతెన మీదుగా మంచిర్యాల, బస్సు.
అక్కణ్ణుంచి రైలు.
పాస్‌పోర్టుకు చంద్రపూరో నాగపూరో,
అడవి రోడ్డు, గుంతలు లెక్కలో చేరవు.
పీఎఫ్ లోంచి రెండు లక్షల ఎనభై వేలు.
ఉన్ని కోటు.
(నలభై ఆరు డిగ్రీల ఊళ్లో ఉన్ని కోటు అడిగితే
బట్టల షావుకారు నా నుదురు తాకి చూశాడు.)
జేబులో ఒక బొగ్గు ముక్క.
గీయడానికి కాదు, ఊరికే.

దుర్గం పోశం పడీ పడీ నవ్వాడు.
వంతెన రాకముందు నావ నడిపినవాడు,
ఇప్పుడు వంతెన మొదట్లో పుచ్చకాయలమ్ముతాడు.
"గంత దూరం పోయి నీళ్లే చూస్తవా?
ఈడ లెవ్వా నీళ్లు?"
కొంచెం ఆగి అడిగాడు,
"ఆడ వంతెనుందా?"
ఉంది.
"మరి పడవలు?"
ఉన్నయి. తెడ్డు వేసేది కూడా ఒకటుందట.
కాయలోకి సగం దిగిన కత్తి
అక్కడే ఆగింది.

ఏజెంటు గోవర్ధన్ కరీంనగర్ నుంచి ఫోను.
"జూన్‌లో పోండి సార్, అంతా పూలే ఉంటయి."
జూన్ ఒకటి నుంచి నాకు సెలవు లేదు.
వరదొస్తే గంటగంటకూ దిగాలి మెట్లు,
టార్చిలైటు నోట కరుచుకుని.
"జనవరిలో పోత."
"జనవరిలనా? వానలు సార్, చలి.
నది పొంగితే ఒడ్డు మీదికి పోనియ్యరు."
"అందుకే" అన్నాను.
లైను కట్టయిందనుకుని
హలో, హలో అన్నాడు.

ఇక్కడ ఇసుక తేలి
బర్రెలు నడిచి దాటే నెలలో
అక్కడ నీళ్లు గోడ ఎక్కుతాయని
తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
ఈయన దిగితే ఆయన ఎక్కుతాడు.
ప్రపంచంలో ఎక్కడో ఒకచోట
నా డ్యూటీ ఆగడం లేదు.

ఫారంలో ఒక వరుస: వచ్చే కారణం.
పర్యటన. వ్యాపారం. చదువు. బంధువులు.
"కాకా, కాయ్ లిహూ?" అంది వైశాలి
మౌస్ మీద వేలుంచి.
నేను చెప్పేలోపే కరెంటు పోయేటట్టుందని
పర్యటన నొక్కేసింది.
నేను చూస్తున్నది కింది గడిని.

కాగితం మీద నా బదులు ఇంకొకరి పేరుంటుంది.
మెట్ల మీద మాత్రం పోశమే.
పదకొండు రోజులు.
అంకెలు నేర్పబోతే చేయి అడ్డం పెట్టాడు.
చెప్పులు విడిచి, పంచె ఎగదోసి దిగాడు,
పలక వైపు చూడనైనా చూడలేదు.
"నిన్నటికన్న బొటనేలంత తక్కువ" అన్నాడు.

దిగి చూశాను.
రెండు సెంటీమీటర్లు.