పదకొండు, ఇరవై రెండు

తార్నాకలో కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం
నుజ్‌హత్ ఆపా జానెడు ఎత్తు నుంచి
తడి స్లైడు మీద చుక్క వదిలింది.
కణం చిట్లాలి. పోగులు చెదరాలి, తెగకూడదు.

రెండుగా విడిపోబోయే ఘడియలోనే
మందు వేసి ఆపేశాం.
లేకుంటే అంతా
చిక్కుపడ్డ దారపు ముద్దే.

జీమ్సా రంగులో ఇప్పుడు నేరేడు చారలు.
ఒకప్పుడు ఫొటోలు కత్తిరించి
అట్ట మీద అంటించేదట ఆపా,
పత్తర్‌గట్టీలో వాళ్ల అబ్బా
ముత్యాలు జత కలిపినట్టు.
ఇప్పుడు మౌస్‌తో లాగుతుంది.
కత్తెర మాత్రం సొరుగులోనే ఉంది.

నలభై ఆరూ ఉన్నాయి.
రిపోర్టు టైపు చేయబోతే
"ఠైరో" అంది.

పదకొండో దాని తోక
ఇరవై రెండో దానికి అతుక్కుంది,
దాని ముక్క దీనికి.
ఏదీ పోలేదు. చోటు మారింది.

బయట బెంచీ మీద
చింతల్ నుంచి వచ్చిన వినోద.
మూడుసార్లు కడుపు నిలవలేదు.
ఎత్తిన బిందెలు, తిన్న బొప్పాయి,
తప్పిన మొక్కు
అన్నిటి లెక్కా ఆమె దగ్గరుంది.

ఆపా గ్లవ్స్ తీసి వెళ్లింది.
అద్దం తలుపు వెనక మాటలు వినపడలేదు.
రెండు చూపుడు వేళ్లు పక్కపక్కన పెట్టి
కొసలు మార్చి చూపడం కనిపించింది.

వినోద తన వేళ్లనే
చాలాసేపు చూసుకుంది.