ముప్పై అని రాస్కో

"ఎన్నేండ్లమ్మా నీకు?"
చేటల కందులు ఒక్కపారి ఎగరేసి పట్టి
"నాకేమెర్క బిడ్డా, ముప్పై అని రాస్కో" అన్నది పెంటమ్మ.

కోస్గి అవతల ఈ ఊర్ల
ఆడోళ్లకందరికీ ముప్పయ్యే.
ముప్పై, ముప్పై, ముప్పై అయిదు, మళ్ల ముప్పై.
ఇరవై తొమ్మిది ఏ గడపల లేదు.
ముప్పై ఒకటిని ఎవరూ ముట్టలేదు,
ఎంగిలి ముంత లెక్క.

పాలమూర్ల, మెట్టుగడ్డ ఆఫీసుల, కంప్యూటర్ తెర మీద
సున్నా దగ్గర కొంతమంది, అయిదు దగ్గర కొంతమంది
గుంపులు గుంపులుగ కూసుంటరు
బస్సు రాని స్టేజీ కాడ జనం తీరు.
వాళ్లను లేపి, అటూ ఇటూ సర్ది,
చదును చేసి
ఒక వంపు గీసుడు నా నౌకరి.

పుస్తకంల వంపు అందంగుంటది.
పదిహేనేండ్ల కాడ నేలనంటుకొని మొదలై
ఇరవై అయిదు దాక ఎక్కి
నలభై తొమ్మిదికి మెల్లగ, అలిసిన మనిషి తీరు, కూలబడ్తది.
మాది అట్ల దిగదు.
ఇరవై ఒకటికే కొసకెక్కి
కోయిల్‌కొండ గుట్ట మీంచి బండ దొర్లినట్టు పడ్తది.
ఇరవై నాలుగుకు ఆపరేషన్ క్యాంపు,
దవాఖాన వరండాల వరుసగ చాపలు.

ఎప్పుడు మొదలు, ఎంత ఎత్తు, ఎంత తొందరగ ఆగుడు.
మూడు అంకెలు చాలు,
ఒక మండలం ఆడోళ్లంత అండ్ల పడ్తరు.
నిజం చెప్తున్న, దానికి నేను మస్తు మురిసిన.

"పెద్దోడు ఎప్పుడు పుట్టిండు?"
"పీర్లు లేసిన రాత్రి."
పీర్ల పండుగ ఏటా పదకొండు దినాలు ముందుకు జరుగుతది.
"కందులు కోసిండ్రా అప్పటికి?"
"కోస్తుండ్రి. మా ఆయన చేన్లనే ఉండె."
వేళ్ల మీద వెనక్కు నడిచిన. పదిహేనేండ్లు.
పెద్దమనిషైన మరుసటేడు పెండ్లి,
పెండ్లైన మూడేండ్లకు కానుపు.
ముప్పై కొట్టేసి ముప్పై మూడు రాసిన.
గుంపులకెళ్లి ఒక్కతి లేచి నిలబడ్డది.

"నీకెన్నేండ్లు?" అనడిగింది ఆమె.
ముప్పై అన్న.
ముప్పై నాలుగు నడుస్తున్నది నాకు.

"ఆ పేరెందుకు పెట్టిండ్రమ్మా నీకు?"
"నా ముంగట ముగ్గురు పోయిండ్రు.
నన్ను పుట్టంగనే పెంట మీద పండబెట్టి
చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నది మాయమ్మ."

ఆ ముసలమ్మ ఫారం నిన్ననే నింపిన.
కన్న పిల్లలు: ఒకరు.

కాగితాలు తిరగేసిన, కూసున్నకాడనే.
పదకొండు మంది పెంటయ్యలు.
తొమ్మిది మంది పెంటమ్మలు.
ఒక్కొక్క పేరు ముంగట
ఎంతమందో లెక్కకు రానోళ్లు.
నా మోడల్‌ల పేరు అనే చలరాశి లేదు.

"నీకెందరు పిల్లలు?"
"ఇద్దరు."
రెండు అని రాసిన.
అప్పుడే చిన్నోడు ఉరికొచ్చి కొంగు పట్టుకున్నడు,
మోకాలికి దెబ్బ, చేతుల సైకిల్ చైను.
"బడిల చరణ్ అంటరు" అన్నది.
"మరి ఇంట్ల?"
చేట ఆగింది.
"పెంటిగాడు.
పూనాల పెంట యాడిది బిడ్డా,
ఇసుక కుప్ప మీద పండబెట్టి
మేస్త్రీ పెండ్లానికి సోలెడు బియ్యమిచ్చి కొనుక్కున్న."

పెద్దోనికి పదిహేను. వీనికి ఆరు.
నడుమ తొమ్మిదేండ్లు.
నేనడగలేదు.
ఆమె మళ్ల చెరగబట్టింది,
పొట్టు వాకిట్లకు పోతున్నది, మట్టిపెళ్లలు చేట అంచుకు వస్తున్నయ్.

రెండును దిద్దలేదు.
పక్కన, పెన్సిల్‌తోని, చిన్నగ
పెంటిగాడు అని రాస్కున్న.
సోమవారం సూపర్‌వైజర్ అడుగుతడు,
ఇది ఏ కాలం కింద ఎక్కించాలె అని.