ఇరవై రూపాయల తేడా

జూన్ ఆఖరు రాత్రి, చీమకుర్తి.
కోత మిషను ఆపేశారు. నా చెవుల్లో ఇంకా కోస్తూనే ఉంది.
టేబులు మీది రాతిపొడి చేత్తో తుడిచి
రెంటినీ పక్కపక్కన పెట్టాను:
మా క్యాష్‌బుక్కు, బ్యాంకు వాళ్ళ స్టేట్‌మెంటు.

డబ్బు ఒకటే. మాకు ఆస్తి, వాళ్ళకు బాకీ.
ఒకే పెళ్ళి ఖర్చు
ఇద్దరు వియ్యంకులు చెప్పినట్టుంటుంది.

ఎర్ర పెన్సిలుతో టిక్కులు కొట్టుకుంటూ దిగాను.
కరెంటు బిల్లు, ఉంది.
బ్లేడు సెగ్మెంట్లు, గుంటూరు పార్టీ, ఉంది.
ఎస్సెమ్మెస్ చార్జీ పదిహేడు రూపాయల డెబ్బై పైసలు,
చెప్పకుండా కోసుకున్నారు, సరే, రాసుకున్నాను.
ఒంగోలు టైల్స్ షాపు చెక్కు వేశాం, ఇంకా పడలేదు,
మధ్యలో ఆదివారం.
ఆఖర్న ఎప్పటిలాగే మిగిలింది ఆ ఒక్కటి:
తన్నీరు మాలకొండమ్మ, పాత బకాయి కూలి,
ఆరువేల నాలుగువందలు.
ఇచ్చాం. బ్యాంకుకి పోలేదు.

మార్చిలో రాశాను ఈ ముక్క. ఏప్రిల్లో రాశాను. మేలో రాశాను.
మూడు నెలలు దాటితే చెక్కులో ప్రాణం ఉండదు.
రాయి చెక్కే ఊళ్ళో
కాయితం చెక్కు ఇంత గట్టిగా కదలకుండా కూర్చోవడం
పద్దెనిమిదేళ్ళలో ఇదే చూడటం.

అది పెద్ద తేడా. చిన్నది ఇంకోటుంది.
రేకు బిస్కెట్ల డబ్బా, అదే మా పెట్టీ క్యాష్.
ఒకటో తారీఖుకి ఐదువేలు. ఎంత ఖర్చయితే అంత మళ్ళీ పోస్తారు.
డబ్బాలో నోట్లూ, మేకుకి గుచ్చిన వోచర్లూ కలిపితే
ఏ నిమిషాన లెక్కపెట్టినా ఐదువేలే రావాలి.
మార్చిలో ఇరవై తగ్గింది.
"ఇరవైకి ఏందయ్యా నీ గోల, టీ అని రాసి పారెయ్," అన్నాడు ఓనరు.
ఎవరూ తాగని టీ ఎట్టా రాసేది?
అనామతు కింద పెట్టి ఉంచాను.

పొద్దున్నే షెడ్డులోకి పోయాను.
పైపు పట్టుకుని బూడిదరంగు బురద కాలవలోకి నెడుతోంది.
"ఆ చెక్కేం చేశావు?"
"ఉండాది సార్. ఇంట్లో."

మధ్యాహ్నం రామతీర్థం రోడ్డు పక్క, రేకుల ఇల్లు.
గోడకి మేకు. మేకుకి చెక్కు.
నాలుగు పక్కలా ప్లాస్టిక్కు మెరుస్తూ.
"తడిస్తే అచ్చరాలు పోతాయని వేయించా.
ఆ పొద్దు మీరేగా ఇరవై ఇచ్చింది, జిరాక్సు షాపోడికి!"

ఇచ్చాను. లారీ వచ్చి హారన్ కొడుతుంటే
డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టి పరిగెత్తాను.

"మా పాప చదివింది. మీరోసారి చదవండి సార్, పైకి."
చదివాను.
ఇంటిపేరు దగ్గర ఆమె పెదాలు కూడా కదిలాయి.

ఆఫీసుకొచ్చి పాత వోచర్లు దించాను.
ఊడ్చే ఆమెకు, మూడొందలు.
నీళ్ళు కొట్టే ఆమెకు, రెండొందల యాభై.
ఆడమనిషికి, నూట యాభై.
పక్కన నీలం వేలిముద్ర. పైన రాత నాది.
పదకొండేళ్ళ మేకులు. ఒక్క దాంట్లోనూ పేరు లేదు.

పద్ధతి ప్రకారం చెక్కు వెనక్కి తేవాలి,
అడ్డంగా రెండు గీతలు కొట్టి ఫైల్లో పెట్టాలి.
తేలేదు. ఆపమని బ్యాంకుకి కాయితం రాశాను,
పద్దు తిరగేశాను, కూలి నోట్లుగా లెక్కపెట్టి ఇచ్చాను.
ఆడిటరు అడిగితే అప్పుడు చూద్దాం.

ఇంక ఇరవై.
కొత్త వోచరు. దేనికి: లామినేషన్.
ఎవరికి అన్న గడిలో
ఇంటిపేరుతో సహా మొదలుపెట్టాను.
గడి చాలలేదు.
చివరి రెండక్షరాలు గీత దాటి
అంకెల్లోకి పోయాయి.