ఇరవై నిమిషాలు

సాజిదా,
రాత్రి క్యాజువాలిటీ బల్ల మీద ఉగ్గాని పొట్లం విప్పుతా
"అక్కా, ర్యాంకు రావాలంటే ఎట్ల చదవాల?" అన్నావు.
జవాబు చెప్పేలోగా దేవనకొండ నుంచి ఆటో వచ్చింది.

ఇప్పుడు చెప్తా, రాసుకో.
వద్దులే, నువ్వు రాసుకున్నవే
మూడు రంగుల సిరాతో ఆరు పుస్తకాలు.

తెల్లారుజామున లేస్తేనే చదువొస్తుందని చెప్పినోళ్లు
నైట్ డ్యూటీ చేసినోళ్లు కాదు. నిద్రపో.
తప్పుపోయిన ప్రశ్నల్నే మళ్లీ చెయ్యి,
సిగ్గుపడిన చోటు గుర్తుంటుంది.
బయోకెమిస్ట్రీని చివరికి పెట్టొద్దు.
నేను పెట్టినా. మొదటిసారి పోయింది.
రెండోసారీ పోయింది.
ఆ పొద్దు మా నాయనకు ఫోన్ చేసే ధైర్యం లేక
హంద్రీ వంతెన మీద నిలబడి
నీళ్లు లేని ఏట్లో ఎనుములను లెక్కపెట్టినా.
పదిహేడు.
ఆ ఒక్క లెక్క తప్పుపోలేదు.

ఇంక ఆ ఆటో సంగతి.
ప్రశ్నపత్రంలో అయితే
పాము పేరు మొదటి వాక్యంలోనే ఉంటుంది,
కింద నాలుగు దారులు, అందులో ఒకటి ఖాయంగా సరైంది.
ఇక్కడ శెనక్కాయ పీకుతా కాటు తిన్న లింగమ్మ
మోకాలి దాకా ఉబ్బిన కాలితో పడుకోనుంటే
ఆమె మొగుడు "పొడుగ్గా ఉండె సార్" అన్నాడు,
సార్ అంటే నేనే.

రెండు మిల్లీల రక్తం, గాజు గొట్టం.
ముట్టుకోవద్దు, కదపొద్దు, ఇరవై నిమిషాలు అన్నా.
పరీక్షలో ప్రశ్నకు నిమిషమని కదా నీ దిగులు,
ఆ ఇరవై నిమిషాలూ
బల్లకు ఎవరూ తగలకుండా
చేతులు చాపి కావలి కాస్తివి.
తర్వాత వంచినావు. నీళ్ల మాదిరి జారింది.
నేను నోరు తెరవకముందే విరుగుడు మందుకు పరిగెత్తినావు,
చెప్పులు బల్ల కిందే ఉన్నాయి.
ఆ పరుగుకు మార్కులు లేవు.
నెగటివ్ మార్కులూ లేవు.

గొట్టం కొత్తదా అని ఎందుకడిగినానో తెలుసా?
సబ్బుతో కడిగింది అబద్ధం చెప్తుంది.
ఇది పరీక్షలోనూ వస్తుంది. దీన్ని మాత్రం రాసుకో.

ర్యాంకొచ్చినాక ఏ బ్రాంచి అంటావా?
ఆదోనిలో స్కానింగు సెంటరుకు
మీ మామ స్థలం కూడా చూసిపెట్టినాడంటివి.
తీసుకో, తప్పేముంది,
చీకటి గదిలో కూర్చొని
ఒంటి లోపలి మాట వినేవాళ్లూ కావాల.
కాకపోతే ఆప్షన్లు నింపే రాత్రి
ఒక్క తూరి కళ్లు మూసుకో,
ఏ వార్డు వాసన ముందుగా వస్తుందో చూడు.
నాకు ఫినాయిలూ, తడిసిన దుప్పటీ వచ్చినాయి.
మంచి వాసనని చెప్పను.

లింగమ్మ పొద్దున సంగటి అడిగింది.
మళ్లీ తీసిన రక్తం గడ్డ కట్టింది,
తలకిందులు చేసినా జారలేదు.
నీకు చూపిద్దామని కబురు పెడితే
లైబ్రరీలో ఉన్నావన్నారు.
సరే, చదువుకో.
స్టాండులోనే పెట్టినా,
పారేయొద్దని సిస్టర్‌కు చెప్పినా.
సాయంత్రం వచ్చి చూసిపో.