నడుముకు తెలిసింది

చక్రాలు సరిచేసేటోన్ని నేను.
వరంగల్ ఆటోనగర్ల మూడో గల్లీ మలుపుకు
ఇరవై రెండేండ్ల సంది
బండి నడక జూసి రోగం జెప్తున్న.

కరీంనగర్ గ్రానైట్ సారు రెండు కార్లు పంపిండు.
రెండిటికీ రెండే తలుపులు,
రెండిటికీ బొడ్డు నేలకు ఆనుతది.
"ఒకటి ఉంచుకుంట, ఒకటి అమ్ముత.
ఏదో నువ్వే నడిపి చెప్పు ఓదెలూ" అన్నడు ఫోన్ల.
నాకంటె ముందు
గోడకు నిలబెట్టిన నా ఎక్సెల్ బండి నవ్వినట్టనిపిచ్చింది.

తెల్లారకముందే తెల్లదాన్ని తీసిన.
నాలుగు చక్రాలకూ బలం పోతది దానికి.
హసన్‌పర్తి దాటంగ
రాత్రి వాన ఇంకా రోడ్డు మీద్నే పండుకోనున్నది.
కాలు ఆనిచ్చిన.
జారలే, తడబడలే,
నాలుగు కాళ్ల గోర్లు తారుల దించి
ఒక్క దుంకు.
మలుపుల కావాల్నని ఎక్కువ తొక్కిన.
తప్పు నాది, దిద్దుకున్నది అది.
నలుగురు మోసే పల్లకి లెక్క:
ఒకని కాలు జారితే ముగ్గురు ఆపుతరు,
లోపల కూసున్నోనికి
జారిన ముచ్చటే తెలువది.

సుఖంగ ఇల్లు చేర్చింది.
చేతులకు చెమట లేదు.
చెప్పుకోను కత సుత లేదు.

మర్నాడు నీలిది.
ఎనుక ఎడమ చక్రం సూదిమొనంత బయటికి చూస్తుండె,
తెర మీద ఎర్ర గీతలు పచ్చగయ్యేదాక కూసోని దిద్దిన.
దీనికి నూకుడంత ఎనుక చక్రాలదే.
ముంగటియి తొవ్వ చూస్తయి, అంతే.
మా ఉస్తాద్ యాకూబ్ పాత అంబాసిడర్ కిందికెల్లి
చెవి మీద బీడీతోని అనేటోడు:
"ఎడ్లబండి కాదుర ఇది, గుంజేటిది ముంగట లేదు.
తోపుడుబండి.
నూకేటోని మనసు ఎర్కుండాలె."

స్టీరింగుల గుంజుడు లేదు.
రోడ్డు రాసిన ఉత్తరం
ఎవ్వరూ చింపకుంట చేతికొచ్చినట్టు
గరుకు, గుంత, అతుకేసిన తారు,
ఒక్కొక్క అక్షరం.

మల్లంపల్లి దాటినంక
వాన గెరువిచ్చిందని సగం రోడ్డు మీద మక్కలు ఎండబోసిండ్రు,
చుట్టూ రాళ్లు పేర్చి.
మలుపు తిరుగంగ ఎనుక చక్రం కింద నాలుగు గింజలు.
నాలుగే.
ముందు నడుముకు తెలిసింది.
కండ్లకు తెలిసేసరికి తోక అవుతలికి బయలెల్లింది,
దావత్‌ల కల్లు తాగిన పెద్దమనిషి
పక్కకు ఒరిగినట్టు,
మెల్లగ, మర్యాదగ.

బ్రేకు దిక్కు పోబోయిన కాలును ఆపిన.
రేసు కొంచెం వదిలిన.
మొత్తం వదిలితే కొడతది.
తోక ఎటు పోతే అటే స్టీరింగు తిప్పి
ఊపిరి పట్టుకోని ఉన్న.
వొచ్చింది దారికి.
దిగి చూస్తే కాళ్లు వణుకుతున్నయి, మొఖం నవ్వుతున్నది.
మక్కల కాడ కావలున్న ముసలామె లేచి
"గింజలు తొక్కినవ్, పైసలియ్యి" అన్నది.
ఇరవై ఇచ్చిన.
నూరడిగినా ఇచ్చేటోన్నే.

మాపటికి ఫోన్. "ఏది మరి?"
తెల్లదానికి నా మీద నమ్మకం లేదు,
అందుకే తెల్లదే మంచిది అని చెప్పాల్నా?
ఆయనకు యాభై దాటినయి, మోకాలు నొప్పి.
వానకాలం రాత్రులు హైదరాబాద్ తొవ్వ,
పక్క సీట్ల సుకన్యమ్మ నిద్రపోతుంటది.
"తెల్లది ఉంచుకోండ్రి సార్."
"నీలిది?"
"దానికి నడిపేటోడు దొరుకాలె."
ఆ మాట నోట్లెకెల్లి వొచ్చినంక
కొంచెం సిగ్గయింది.

షట్టరు గుంజి ఇంటికి బయలెల్లిన.
ఎక్సెల్ బండిని సుత నూకేది ఎనుక చక్రమే,
ఇన్నేండ్లు యాదికే రాలే.
పైడిపల్లి కాడ ఎవరియో మక్కలు,
మీద కవరు కప్పలే ఇంకా.
పక్కకెల్లి పోవచ్చు, తొవ్వ ఖాళీగనే ఉన్నది.
అంచు మీదికెల్లి పోనిచ్చిన,
కొంచెమే
రేసిచ్చి.