పళ్ళు ఎటు తిరిగున్నాయో

ఇరవై రెండేళ్ళు ఓడలో ఫిట్టర్ని.
రేవు దిగినప్పుడల్లా తోటివాళ్ళు సెంటు సీసాలు కొన్నారు,
నేను ఉలులు కొన్నాను.

ఇప్పుడవన్నీ తాళ్ళరేవులో
పెంకుటింటి పెరటి గదిలో మేకులకి వేలాడుతున్నాయి.
షెఫీల్డు ఉలి: పిడి మీద ఎవడో తన పేరులో రెండక్షరాలు గుద్దుకున్నాడు,
గుద్దినవాడు పోయాడు, అక్షరాలు నా అరచేతికి తగులుతుంటాయి.
హాంబర్గు చిత్రిక: పాత సామాన్ల సంతలో బేరమాడకుండా కొన్నాను,
దాని నోట్లో ఏ బల్లదో, ఏ తలుపుదో, పొట్టు ముక్కొకటి ఇరుక్కునుంది.
తియ్యబుద్ధి కాలేదు.
ఇస్తాంబుల్ బాడిస: అటు వాదర, ఇటు సుత్తి,
మధ్యలో మేకు పీకడానికో గాటు.
కోబె రంపం... దాని సంగతి తర్వాత.

సముద్రం పక్కనే. గాలి నాకినా ఉప్పగానే ఉంటుంది.
ఆషాఢం వచ్చిందంటే ఉక్కుకి ఒళ్ళంతా పొక్కులే.
మంగళవారం మంగళవారం కొబ్బరినూనె పట్టిస్తాను.
"నా తలకి ఏనాడైనా రాశారా" అంటుంది మంగాయమ్మ.
నిజమే. రాయలేదు.

ఆదివారాలు పెసింగి ఏడుకొండలు వస్తాడు,
కాలవ ఒడ్డున పడవలు కట్టే మనిషి,
చంకలో నల్లతుమ్మ చెక్క.
ఇద్దరం కలిసి ఒక్కొక్కదాన్నీ ఆ చెక్క మీదకి దించుతాం,
పుంజుని బరిలోకి దించినట్టు.
వాదరని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని,
చాలాసేపు ఊరుకుంటాడు.
"జర్మనీది బుద్ధిమంతుడండి, చెప్పిందే చేస్తాడు.
ఇంగ్లీషోడి ఉక్కు మెత్తన, ఊరికే అలుగుతుంది,
కానీ రాయి చూపిస్తే చాలు, మళ్ళీ నవ్వుతుంది.
ఈ టర్కీ బాడిస మాత్రం
రెండో పనిముట్టు కొనే డబ్బుల్లేనోడు ఆలోచించిందండి."
తన మొలలో ఉన్న బాడిస లక్కోజు మాణిక్యం కొట్టిచ్చింది,
లారీ కమాను పట్టీ సాగగొట్టి.
దాన్ని పోటీకి పెట్టడు.
"అది నా చెయ్యండి. చేతికి మార్కులేంటి?"

ఇక కోబె రంపం.
రేకు కాగితమంత పలచన. తోస్తే వంగిపోతుంది, లాగితేనే కోస్తుంది.
"లోకమంతా తోస్తుంది, వాళ్ళొక్కళ్ళే లాగుతారు" అని
పదకొండేళ్ళుగా వచ్చినవాడికల్లా చెప్పాను,
అదేదో నేనే కనిపెట్టినట్టు.

ఏడుకొండలు ఆ రోజు ఏమీ అనలేదు.
సైకిలెక్కి వెళ్ళి, పాత లుంగీలో చుట్టి ఒకటి తెచ్చాడు.
వాళ్ళ తాతది. తుప్పు. మూడు పళ్ళు లేవు.
పిడి చెమటకి నల్లబడి, వేళ్ళ చోట గుంటలు.
"పళ్ళు ఎటు తిరిగున్నాయో చూడండి."

పిడి వైపు. మనిషి వైపు.

"కింద కూచుని, బొటనవేలితో చెక్క తొక్కిపట్టి కోసేవాళ్ళు కదండీ.
కూచున్నోడు లాగుతాడు. నిలబడ్డోడు తోస్తాడు.
ఎత్తు బల్లలొచ్చాయి, మనం లేచి నిలబడ్డాం,
పళ్ళు అటు తిరిగిపోయాయి."

ఎంతకిస్తావు అన్నాను, సిగ్గులేకుండా.
"గోడకెందుకండీ, ఆకురాయి పెడితే ఇంకా కోస్తుంది"
అని మళ్ళీ లుంగీలో చుట్టేసుకున్నాడు.
కోబెకీ షెఫీల్డుకీ మధ్య ఒక మేకు ఖాళీగా ఉంచాను.

మర్నాడు, ఎవరూ లేరనుకుని,
అరవై ఆరేళ్ళ మోకాళ్ళు గోలపెడుతుంటే కింద కూచున్నాను.
చెక్క మీద బొటనవేలు.
జపాను రంపాన్ని తాళ్ళరేవు మనిషిలా లాగాను.
మూడుసార్లు వంకరపోయింది. నాలుగోసారి గీత పట్టింది.
పొట్టు అటు పోలేదు,
నా ఒళ్ళోకే రాలింది, వెచ్చగా.

గుమ్మంలో ఎప్పట్నించి నిలబడిందో మంగాయమ్మ,
"ఆ పంచె ఎవరు దులుపుతారు" అంది.